మూడు ఫెర్నులు, ఒకే ఆకు

యూరప్‌లో పాత రాతి గోడల మీద, ఓక్ చెట్ల మానుల మీద పాలిపోడియం అనే ఫెర్న్ పెరుగుతుంది. దువ్వెన పళ్లలా రెండు వైపులా చీలిన ఆకు, అడుగున పసుపు చుక్కల్లాంటి సోరైలు (ఒక్కోటి సోరస్), అంటే సిద్ధబీజాశయాల గుంపులు. చాలాకాలం అన్నిటినీ కలిపి పాలిపోడియం వల్గేర్ అనే పిలిచారు. బ్రిటిష్ వృక్షశాస్త్రవేత్త ఐరీన్ మాంటన్ క్రోమోజోములు లెక్కపెట్టాక అసలు సంగతి బయటపడింది. కొన్ని మొక్కల్లో 74, కొన్నింట్లో 148, మరికొన్నింట్లో 222!

74 ఉన్నది కాంబ్రికమ్, 148 ఉన్నది వల్గేర్. 222 ఉన్నదానికి 1961లో మోలీ శివాస్ అనే వృక్షశాస్త్రవేత్త ఇంటర్‌జెక్టమ్ అని పేరు పెట్టింది. అది మిగతా రెండింటి సంకరం నుంచి పుట్టింది. ఒక్కోదాని నుంచి సగం క్రోమోజోములే వస్తాయి: వల్గేర్ నుంచి 74, కాంబ్రికమ్ నుంచి 37 కలిస్తే 111. ఆ 111కి సరైన జతలు కుదరవు కాబట్టి సిద్ధబీజాలు (విత్తనాలకు బదులు ఫెర్న్ వెదజల్లే పొడిలాంటి కణాలు) వట్టిపోతాయి. మొత్తం సంఖ్య రెట్టింపైతే మాత్రం ప్రతిదానికీ జోడీ దొరుకుతుంది, మొక్క ఫలవంతమవుతుంది. తల్లిదండ్రులిద్దరి పోలికా ఉంది కనుకనే దాని ఆకు మనల్ని అంతగా తికమక పెడుతుంది.

వల్గేర్ ఆకు సన్నగా, అంచులు దాదాపు సమాంతరంగా ఉంటుంది. కాంబ్రికమ్‌ది వెడల్పు, ఇంటర్‌జెక్టమ్‌ది మధ్యస్థం. కానీ నీడలో పెరిగినా, రాతి సందులో తిండి చాలకపోయినా ఈ కొలతలన్నీ మారిపోతాయి. ఆకును మాత్రమే చూసి పేరు రాయడం తొందరపాటు.

నమ్మదగినది సిద్ధబీజాశయం, అంటే సిద్ధబీజాలుండే చిన్న సంచి. దాని వీపు మీద మందపాటి గోడలున్న కణాల వరస ఉంటుంది. అదే ఆన్యులస్. ఎండినప్పుడు వడిసెలలా వెనక్కి లాగి సిద్ధబీజాలను విసిరేది ఇదే. బాగా ముదిరి, ఇంకా పగలని సోరస్ నుంచి సూదితో కొన్ని సిద్ధబీజాశయాలను గీకి, స్లైడు మీద నీటిబొట్టులో వేసి, కవర్‌స్లిప్ పెట్టి సూక్ష్మదర్శినిలో 100 రెట్లు పెద్దదిగా చూడండి. వరసలోని మందపాటి కణాలు వల్గేర్‌లో సాధారణంగా 10-14, ఇంటర్‌జెక్టమ్‌లో 7-9, కాంబ్రికమ్‌లో 4-7. ఈ వరసకూ ఆశయం కాడకూ మధ్య పలుచని గోడలున్న కణాలు వల్గేర్‌లో ఎక్కువగా ఒక్కటే, మిగతా రెండింట్లో రెండు లేదా అంతకన్నా ఎక్కువ. సోరస్‌లో ఆశయాల మధ్య కొమ్మలున్న రోమాలు కనిపిస్తే అది కాంబ్రికమే.

ఈ అంకెలు ఒకదాని హద్దులోకి మరొకటి చొరబడతాయి. ఒకటి రెండు ఆశయాలతో ఆపేస్తే తప్పు పేరు ఖాయం. కనీసం 20 లెక్కపెట్టి సగటు తీయాలి. లేత ఆశయాల్లో గోడలు ఇంకా మందం కాలేదు కాబట్టి లెక్క తక్కువ వస్తుంది. అన్నీ పగిలిపోయిన ముదురు ఆకులో లెక్కపెట్టడానికి సరైనవి దొరకడమే కష్టం.

ఇంకో ఉచ్చు ఉంది. వల్గేర్, ఇంటర్‌జెక్టమ్ పక్కపక్కనే పెరిగే చోట వాటి సంకరం మాంటోనియే పుడుతుంది. క్రోమోజోములు 185. వాటిలో 74 జతలు కుదిరి 37 ఒంటరిగా మిగులుతాయి. ఆన్యులస్ లెక్క రెండింటికీ మధ్యలో పడుతుంది కనుక దాన్ని చూసి ఏదో ఒక జాతి పేరు పెట్టేయడం సులభం. అందుకే అదే స్లైడులో సిద్ధబీజాలను కూడా చూడాలి. మంచివి చిక్కుడు గింజ ఆకారంలో నిండుగా ఉంటాయి. సంకరంలో ఎక్కువ భాగం ముడుచుకుపోయి, లోపల ఏమీ లేకుండా కనిపిస్తాయి. ఆకు మరీ లేతదైతే మంచి జాతిలోనూ అలాగే కనిపించవచ్చు. అప్పుడు కొన్ని వారాలు ఆగి, అదే మొక్క నుంచి మరో ఆకు తీసుకుని మళ్లీ చూడాలి.