రక్తం మరక ఉంటే చాలు, డీఎన్‌ఏ వచ్చేస్తుందా?

"మరక అంత స్పష్టంగా కనిపిస్తోంది కదా, డీఎన్‌ఏ ఎందుకు రాదు?" నేను పనిచేసే ఫోరెన్సిక్ డీఎన్‌ఏ ల్యాబ్‌లో నాకు మళ్లీ మళ్లీ ఎదురయ్యే ప్రశ్న ఇదే. స్టేషన్ నుంచి సీల్ కవర్లు తెచ్చేవాళ్లు అడుగుతారు, కొత్తగా డ్యూటీలో చేరిన డాక్టర్లు అడుగుతారు, తిండీ నిద్రా లేక తిరుగుతున్న ఇంటివాళ్లూ అడుగుతారు. కేసులకు ఎక్కువ నష్టం చేస్తున్న అపోహ నా దృష్టిలో ఇదే.

మరక ఉండటం వేరు, అందులో పనికొచ్చే డీఎన్‌ఏ ఉండటం వేరు. తడి బట్టను పాలిథిన్ కవర్లో చుట్టి సీల్ వేస్తే, మన ఎండలకి లోపల చెమ్మ పట్టి బూజు, బ్యాక్టీరియా పెరుగుతాయి, అవి డీఎన్‌ఏని ముక్కలు ముక్కలుగా తుంచేస్తాయి. మేం చూసేది డీఎన్‌ఏలో 20కి పైగా చోట్ల ఉండే ఎస్‌టీఆర్‌లు, అంటే కొన్ని డీఎన్‌ఏ అక్షరాల వరస మళ్లీ మళ్లీ వచ్చే భాగాలు, ఎన్నిసార్లు వస్తుందో మనిషికీ మనిషికీ మారుతుంది. డీఎన్‌ఏకి నకళ్లు తీసే పీసీఆర్ పద్ధతిలో 28 నుంచి 30 సైకిళ్లు నడిపి వాటికి కోట్ల కాపీలు తీస్తాం, తర్వాత క్యాపిలరీ మెషీన్ ఒక్కో ముక్క పొడవు కొలుస్తుంది. కుళ్లిన శాంపిల్‌లో 100 అక్షరాల పొడవున్న చిన్న ముక్కలు ఎలాగోలా మిగులుతాయి, 400 అక్షరాలవి మధ్యలోనే తెగిపోయి ఉంటాయి. మెషీన్ ఇచ్చే గ్రాఫ్‌లో ఎడమవైపు, అంటే చిన్న ముక్కల వైపు, పీకులు నిటారుగా లేస్తాయి, కుడివైపుకి వెళ్లేకొద్దీ పొట్టివైపోయి చివరికి ఉత్త గీతే మిగులుతుంది. ఈ చోట్ల ఫలితాలన్నీ కలిపిందే ప్రొఫైల్, అలా ఐదారు చోట్ల మాత్రమే వచ్చిన ప్రొఫైల్‌తో ఎవరినైనా గట్టిగా పట్టుకోవడం కష్టం.

ఒకసారి ఒక కేసులో బట్టలన్నీ ఒకే ప్లాస్టిక్ సంచిలో వచ్చాయి. విప్పగానే గదంతా ముక్కిపోయిన వాసన, చొక్కా మీద నల్లటి బూజు. ఏమీ రాలేదు. తర్వాత ఆ అబ్బాయి తల్లి వచ్చి, "రక్తం నా కళ్లకే కనిపించింది మేడమ్, మీ మెషీన్‌కి కనిపించలేదా?" అని అడిగింది. ఆమెకి ఏం చెప్పాలి? ఆ బట్టల్ని ఫ్యాన్ గాలికి నీడన ఆరబెట్టి, ఒక్కోదాన్ని విడిగా కాగితం కవర్లో పెట్టి పంపి ఉంటే సరిపోయేది. ఎండలో ఆరేయకూడదు, ఆ వేడీ వెలుతురూ కూడా డీఎన్‌ఏని పాడుచేస్తాయి. పోస్టుమార్టం చేసే డాక్టర్లకూ ఓ మాట: డీఎన్‌ఏకి పంపే కండరాన్ని, ఎముకని దయచేసి ఫార్మలిన్‌లో వేయకండి, అది కూడా డీఎన్‌ఏని పాడుచేస్తుంది. శవం బాగా కుళ్లితే తొడ ఎముకో, దవడ పళ్లో పంపండి.

దీనికి తిరగేసిన అపోహ కూడా ఉంది: "బట్టలు ఉతికేశాం, ఇంక కంప్లైంట్ ఇచ్చి లాభం లేదు" అని. అలా అనుకుని ఆగిపోకండి. ఉతికిన బట్టల్లోనూ ఒక్కోసారి ప్రొఫైల్ వస్తుంది. దాడికి గురైన అమ్మాయి అప్పుడు వేసుకున్నవన్నీ అలాగే ఇవ్వండి, ఏది పనికొస్తుందో మేం చూస్తాం.

మిగతావి త్వరగా. గంటలో రిపోర్టు రావడం సినిమాల్లోనే, ఎముకైతే పొడి చేసి డీఎన్‌ఏ తీయడానికే రోజులు పడుతుంది. మ్యాచ్ అయిందంటే నేరం రుజువైపోయినట్టు కాదు, ఆ డీఎన్‌ఏ ఎవరిదో చెప్పగలం గానీ అక్కడికి ఎప్పుడు, ఎలా వచ్చిందో చెప్పలేం. కుదుళ్లు లేని వెంట్రుకతో మామూలు ఎస్‌టీఆర్ ప్రొఫైల్ సాధారణంగా రాదు, మైటోకాండ్రియా (కణంలో తల్లి నుంచి వచ్చే డీఎన్‌ఏ విడిగా ఉండే భాగం) టెస్టుకి వెళ్లాలి, అది తల్లి వైపు వరస మాత్రమే చెబుతుంది.

ఇక ప్రమాదాల్లో మనిషిని గుర్తుపట్టాల్సి వచ్చిన కుటుంబాలకి. 2013లో పాలెం దగ్గర బస్సు కాలి 45 మంది పోయినప్పుడు, 2025 జూన్‌లో అహ్మదాబాద్ విమాన ప్రమాదంలో, డీఎన్‌ఏ పోల్చి చూడటానికి ఇళ్లవాళ్లు రక్తం ఇచ్చి ఎదురుచూశారు. ఆ టెన్షన్‌లో ఎవరు ముందుంటే వాళ్లే ఇచ్చేస్తారు, బాబాయో బావమరిదో. అది చాలదు. అమ్మానాన్నలు ఉంటే ఇద్దరూ రండి. లేకపోతే పిల్లలు రండి, పోయింది తండ్రి అయితే వాళ్లతో పాటు వాళ్ల అమ్మ కూడా వస్తే పని తేలికవుతుంది, ఎందుకంటే పిల్లల్లో ఆమె నుంచి వచ్చిన సగం పక్కన పెడితే మిగిలినదే తండ్రిది. అన్నదమ్ములే దిక్కైతే ఒక్కరు కాదు, వీలైనంత మంది రండి. ఈ మధ్య ఎవరికైనా రక్తం ఎక్కించి ఉంటే శాంపిల్ తీసేవాళ్లకి ముందే చెప్పండి, బుగ్గ లోపలి నుంచి స్వాబ్ తీసుకుంటారు.