నది కోయదు, కాళ్ల కింద లాగేస్తుంది

ఏటి ఒడ్డున గట్టి గోడ కడితే చాలదా, అది ఎందుకు కూలిపోతుంది అని ఒక పాఠకుడు అడిగారు. చిక్కంతా 'కోత' అనే మాటలో ఉంది. ఆ మాట వినగానే కత్తి గుర్తొస్తుంది. నీళ్లు ఎదురుగా వచ్చి గట్టును కోస్తున్నాయనుకుంటాం. బడిలో నాకూ అలాగే చెప్పారు, బోర్డు మీద ఒడ్డు వైపు బాణాలు గీసి మరీ.

సముద్రపు ఒడ్డున చీలమండల లోతు నీళ్లలో నిలబడి చూడండి. అల వెనక్కి పోతున్నప్పుడు మడమల కింద ఇసుక జారిపోతుంది, ఒళ్లు వెనక్కి తూలుతుంది. మనల్ని ఎవరూ నెట్టలేదు, కాళ్ల కింద నేలే పోయింది. పక్కన కాళ్లు లేని చోట ఇసుక ఇంతగా తొలగదు. కాలు అడ్డొచ్చింది కాబట్టే నీరు దాని చుట్టూ తిరిగి, కాలి మొదలు దగ్గర సుడి కట్టి, వేగం పెంచుకుంది. గోడ కూడా నీళ్లలో పెట్టిన కాలే. నిటారుగా, నున్నగా ఉంటే మరీ ప్రమాదం. తగిలిన అల బలం తగ్గకుండా వెనక్కి మళ్లి, ఎదురొచ్చే అలతో కలిసి లేచి, గోడ పాదం దగ్గర మట్టిని తోడేస్తుంది.

వేగం కొంచెం పెరిగితే ఏమవుతుందంటారా? రాయిని తోసే బలం వేగం వర్గాన్నీ రాయి వ్యాసం వర్గాన్నీ బట్టి పెరుగుతుంది. దాన్ని ఆపే బరువు వ్యాసం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. రెండూ సమానం చేస్తే కదిలే రాయి వ్యాసం వేగం వర్గంతో, బరువు వేగం ఆరో ఘాతంతో పెరుగుతాయని తేలుతుంది. అంటే వేగం రెట్టింపైతే 64 రెట్లు బరువైన రాయి కదులుతుంది. మూడింతలైతే 729 రెట్లు!

అమెరికాలోని వర్జీనియాలో జేమ్స్ నది ఒడ్డున జేమ్స్‌టౌన్ ఉంది. ఉత్తర అమెరికాలో ఇంగ్లీషువాళ్లు నిలదొక్కుకున్న మొదటి ఊరు, 1607 నాటిది. అక్కడ నది బాగా వెడల్పు, ఆటుపోట్లు కూడా ఉంటాయి. గాలికి లేచిన అలలు ఏళ్ల తరబడి ఒడ్డును తింటూ వచ్చాయి. మొదట్లో కట్టిన మూడు మూలల కర్రకోటను నది ఎప్పుడో మింగేసిందని చాలామంది నమ్మారు. 'నది మింగింది' అనే కథకు ఎంత బలమంటే, తవ్వి చూద్దామన్న ఆలోచనే రాదు.

శామ్యూల్ యంగ్ అనే ఇంజనీరు 1900-1901లో అక్కడ కాంక్రీటు గోడ కట్టించాడు. ఏటవాలుగా కట్టించాడు, అది ముఖ్యం. వాలు మీద అల పైకి పాకుతూ విరిగి, బలం పోగొట్టుకుని జారుతుంది. అయితే వాలుకూ పాదం ఉంటుంది, ఆ పాదమే అసలు సమస్య.

దీనికి నాకు బాగా నచ్చిన ఉపాయం భారతీయ రైల్వే ఇంజనీర్లది. వంతెనల దగ్గర జె.ఆర్. బెల్ మొదలుపెట్టిన గట్ల పద్ధతిని ఫ్రాన్సిస్ స్ప్రింగ్ 1903లో వివరంగా రాశాడు. గట్టు పాదం ముందు నది అడుగున వదులు రాళ్లను పరుపులా పరుస్తారు. దాన్ని ఏప్రాన్ అంటారు. నది ఆ పరుపు అంచు కింద తవ్వగానే రాళ్లు ఒక్కొక్కటిగా ఆ గుంట వాలు మీదకు దొర్లి, దాన్ని అవే కప్పేస్తాయి. నది ఎంత తవ్వితే పరుపు అంత కిందకు దిగుతుంది. మడమ కింద ఇసుక పోతుంటే పక్కనున్న ఇసుకే వచ్చి ఆ ఖాళీ నింపినట్టు! లెక్క ఇదీ: 10 మీటర్ల లోతు కోతకు గురవుతుందనుకుంటే, రెండుకు ఒకటి వాలు మీద (రెండు మీటర్లు ముందుకు పోతే ఒక మీటరు కిందకు దిగే వాలు) ఏటవాలు పొడవు 22 మీటర్ల పైచిలుకు. అంత పొడవునూ కప్పేటన్ని రాళ్లు ముందే పోసి ఉంచాలి. 'గట్టిగా ఉంటుంది కదా' అని వాటిని సిమెంటుతో అతికించారో, మొత్తం చెడింది. పరుపు కిందకు దిగకుండా గుంట మీద పలకలా నిలిచి, ఒకరోజు ఒక్కసారిగా విరుగుతుంది.

యంగ్ గోడతో ఆగలేదు. 1903లో అక్కడి పాత కట్టడాల పునాదులు తానే తవ్వించాడు. కోట మాత్రం దొరకలేదు. 1994లో పురావస్తు శాస్త్రవేత్త విలియం కెల్సో అక్కడి పాత చర్చి దగ్గర తవ్వడం మొదలుపెట్టాడు. కర్రలు ఎప్పుడో కుళ్లిపోయాయి, కానీ అవి పాతిన చోట మట్టి ముదురు రంగుకు తిరిగింది. ఆ మచ్చలు వరుసగా బయటపడ్డాయి. వాటిని కలుపుతూ పోతే కోట గోడల గీత తేలింది. ఎక్కువ భాగం నేల మీదే ఉంది, యంగ్ గోడకు ఇవతల. నదిలో పోయింది ఒక మూల మాత్రమే.