చీలమండ విరిగితే ఆపరేషన్‌కు ముందు వేసే కట్టు

చీలమండ విరిగి, కీలు తప్పిన మనిషిని ఉస్మానియాకో, గాంధీకో, నిమ్స్‌కో తెచ్చిన బంధువులు ముందుగా అడిగేది ఆపరేషన్ ఇవాళే చేస్తారా అని. చాలాసార్లు చేయరు. వాపు తీసేదాకా వారం పది రోజులు, ఒక్కోసారి రెండు వారాలు ఆగాలి. అన్నాళ్లూ కాలికి ఉండేది ఒక స్లాబ్, అంటే కాలి చుట్టూ పూర్తిగా కాకుండా ఒకటి రెండు వైపులే పట్టేలా వేసే ప్లాస్టర్ పట్టీ. ఎలాగూ ఆపరేషన్ ఉంది కదా, ఇప్పటికి ఏదో ఒకటి చుట్టేద్దాం అనుకోవడం వల్లే చాలా కాళ్లు పాడవుతున్నాయి. కోసినచోట చర్మం మానేలా ఉంటుందా లేదా అన్నది చాలావరకు ఈ మొదటి కట్టు మీదే ఆధారపడుతుంది.

ఒకప్పుడు కట్టే పూర్తి వైద్యం. లండన్ సర్జన్ పెర్సివల్ పాట్ 1756లో గుర్రం మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఎవరినీ కదిలించనివ్వకుండా ఒక తలుపు కొనిపించి, దానికి పల్లకీ బొంగులు కొట్టించి, దాని మీదే ఇంటికి మోయించుకున్నాడు. ఎముక విరుగుళ్ల గురించి 1768లో రాస్తూ ఆయన గట్టిగా చెప్పిన సంగతి ఒకటుంది: మోకాలు వంచితే పిక్క కండరం వదులవుతుంది, అప్పుడు ఎముక బలవంతం లేకుండా సర్దుకుంటుంది. ఇవాళ్టి క్యాజువాల్టీలో కూడా చీలమండను సరిచేసేముందు చేసే మొదటి పని అదే.

1852లో డచ్ సైనిక వైద్యుడు మాథైసెన్ ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పొడి అద్దిన బ్యాండేజీని పరిచయం చేశాడు. మన ఊళ్లలో పిండికట్టు, సిమెంటు కట్టు అనేది దీన్నే. నొప్పి లేకుండా కండరాన్ని వదులు చేసే మత్తు కూడా ఆ శతాబ్దంలోనే వచ్చింది. క్లోరోఫాం భద్రత తేల్చడానికి 1888, 1889ల్లో నిజాం ఖర్చుతో హైదరాబాద్‌లోనే రెండు కమిషన్లు పనిచేశాయి.

1958లో స్విట్జర్లాండ్‌లో ఏఓ అనే సర్జన్ల బృందం ఏర్పడ్డాక ప్లేట్లు, స్క్రూల వైద్యం స్థిరపడింది. 1976లో రామ్సే, హామిల్టన్ మృతదేహాల కాళ్ల మీద చేసిన పరీక్షలో, చీలమండ కీలులో కింద ఉండే టేలస్ ఎముక పక్కకు 1 మిల్లీమీటరు జరిగినా కీలులో ఎముకలు ఆనే వైశాల్యం సగటున 42 శాతం తగ్గింది. కట్టుతో అంత కచ్చితంగా నిలబెట్టడం కష్టం కాబట్టి ఆపరేషన్ అసలు వైద్యమైంది, కట్టు మధ్యంతర ఏర్పాటుగా మిగిలింది. కానీ వాచిన చర్మాన్ని కోసినప్పుడు కుట్లు విడిపోవడం, చీము పట్టడం ఎక్కువైంది. పిలాన్ విరుగుడులో, అంటే పిక్క ఎముక (టిబియా) కింది కొస నుజ్జయినప్పుడు, ఇది మరీ దారుణంగా ఉండేది. ముందు ఎముకలోకి పిన్నులు వేసి కాలి బయట రాడ్లతో బిగించే ఫ్రేముతో నిలబెట్టి, వాపు తీశాకే ప్లేటు వేయాలని 1999లో వచ్చిన రెండు అమెరికన్ పత్రాలు చూపించాయి. అప్పటినుంచి ఆగడం కూడా చికిత్సలో భాగమైంది.

ఆగడమంటే కీలు తప్పిన కాలును అలాగే ఉంచడం కాదు. కీలు తప్పి ఉన్నంతసేపూ ఎముక చర్మాన్ని లోపలినుంచి నొక్కుతుంది. పైచర్మం తెల్లబడి, తర్వాత నల్లబడి చచ్చిపోతుంది. అందుకే పాదం నాడి, స్పర్శ చూసి రాసుకుని, గంటల్లో కాదు, నిమిషాల్లో కీలు కూర్చోబెట్టాలి. పాదం చల్లబడి ఉంటే, చర్మం బిగుసుకుని ఉంటే ఎక్స్‌రే కోసం కూడా ఆగకూడదు. కీలులోకి 1 శాతం లిగ్నోకెయిన్ అనే తిమ్మిరి మందు సుమారు 10 మిల్లీలీటర్లు ఇచ్చినా, సిరలో మత్తు ఇచ్చినా సరే. ఒకరు మోకాలిని 90 డిగ్రీలు వంచి పట్టుకుంటే, ఇంకొకరు మడమ పట్టి లాగి, కీలు తప్పిన దిశకు ఎదురుగా నెడతారు.

ఆ తర్వాత స్లాబ్. ముందు రెండు మూడు పొరల దూది రోల్, మడమ మీద, రెండు గిలకల మీద, మోకాలి బయటివైపు ఎముక బొడిపె మీద అదనంగా. వెనక స్లాబ్‌కు 15 సెంటీమీటర్ల ప్లాస్టర్ 12 నుంచి 15 పొరలు. ఇటూ అటూ పట్టేలా అరికాలు కిందనుంచి యూ ఆకారంలో ఇంకొకటి, 8 నుంచి 10 పొరలు. వెనకది ఒక్కటే వేస్తే పాదం పక్కలకు జారుతుంది. గోరువెచ్చని నీళ్లే వాడాలి. ప్లాస్టర్ గట్టిపడేటప్పుడు తనే వేడి పుట్టిస్తుంది. వేడినీళ్లలో ముంచి, మందంగా వేసి, కింద దిండు పెడితే చర్మం కాలుతుంది. వానాకాలంలో ప్యాకెట్ తెరిచి ఉంచిన రోల్ గాలిలో తేమ పీల్చుకుని సరిగా గట్టిపడదు, దాన్ని పారేయడమే మంచిది. గట్టిపడేదాకా పాదాన్ని 90 డిగ్రీల్లో అరచేత్తో పట్టుకోవాలి. వేళ్లతో నొక్కితే లోపల గుంటలు పడి, అక్కడ పుండవుతుంది. పాదం కిందికి వాలితే టేలస్ వెనక్కి జారుతుంది. కట్టాక ఎక్స్‌రే తీయకపోతే పని సగమే అయినట్టు.

హైదరాబాద్‌లో ఇంకో సంగతి ఉంది. పుత్తూరు కట్టు బోర్డులు నగరంలో చాలాచోట్ల కనిపిస్తాయి. కోడిగుడ్డు సొన, ఆకు పసరు, వెదురు బద్దలు, గుడ్డతో కట్టే ఆ పద్ధతి మీద జనానికి తరాల నమ్మకం. ముక్కలు చోటు తప్పని విరుగుడుకు అది నిలబడవచ్చు. కీలు తప్పిన చీలమండకు మాత్రం చుట్టూ బిగించిన ఏ కట్టయినా ప్రమాదమే, అది పసరుదైనా ప్లాస్టర్‌దైనా. మొదటి రెండు మూడు రోజులు వాపు పెరుగుతూనే ఉంటుంది, బిగించిన కట్టు సాగదు. బొబ్బలు లేస్తాయి. నెత్తురు నిండిన బొబ్బలైతే ఆపరేషన్ ఇంకా వెనక్కి పోతుంది. షుగర్ వల్ల పాదంలో స్పర్శ తగ్గినవాళ్లకు కట్టు కింద పుండు పడినా తెలియదు కాబట్టి, వాళ్ల కట్టు విప్పి చూస్తుండాలి.

చీలమండ వెనకవైపు ఎముక ముక్క పెద్దగా విరిగితే స్లాబ్‌లో కీలు మళ్లీ జారే అవకాశం ఎక్కువ. ఒకసారి జారినా, బొబ్బలు ఎక్కువున్నా మళ్లీ మళ్లీ స్లాబ్ మార్చడం కన్నా బయటి ఫ్రేమే మేలు. పిక్క ఎముకలో రెండు 5 మిల్లీమీటర్ల పిన్నులు, మడమ ఎముకలోంచి లోపలివైపు నుంచి బయటికి ఒక పిన్ను వేసి, రాడ్లతో త్రికోణంగా బిగిస్తారు. లోపలివైపు రక్తనాళం, నరం ఉంటాయి కాబట్టి పిన్ను ఆ వైపు నుంచే చూసుకుని వేయాలి.

కాలును గుండె కన్నా ఎత్తులో పెట్టాలి, దిండు పిక్క పొడవునా ఉండాలి. చర్మం మీద ముడతలు తిరిగి కనబడితే కోతకు సిద్ధమైనట్టు. ఈలోగా నొప్పి మందుకు లొంగకుండా పెరుగుతున్నా, కాలివేళ్లను పైకి వంచితే పిక్కలో పోటు వస్తున్నా, రాత్రి ఎంత పొద్దుపోయినా కట్టు విప్పాలి. పై బ్యాండేజీ మాత్రమే కాదు, దూదిని కూడా చర్మం కనబడేదాకా కత్తిరించాలి. అప్పటికీ నొప్పి తగ్గకపోతే వెంటనే సర్జన్‌ను పిలవాలి.