ఇరవై మార్కుల గొడవ వెనక కథ

పదో తరగతిలో సబ్జెక్టుకి 20 చొప్పున బడే వేసే ఇంటర్నల్ మార్కులు ఉండాలా వద్దా అన్న వాదన తెలంగాణలో చల్లారినట్టే చల్లారి మళ్లీ లేస్తోంది. 2024 నవంబరు చివర్లో ప్రభుత్వం ఆ 20 మార్కులు ఎత్తేసి పేపరు 100కి పెడతామంది, సగం ఏడాది అయిపోయాక ఇదేంటని అడిగేసరికి మర్నాడే వచ్చే ఏడాదికి వాయిదా వేసింది, తీరా ఆ ఏడాది వచ్చాక 2025 ఆగస్టులో పాత 80-20 పద్ధతే ఉంటుందంది. ఆంధ్రప్రదేశ్ 2019లోనే వాటిని తీసేసింది.

తీసెయ్యాలనే వాళ్లు చెప్పేది, ప్రైవేటు బళ్లు తమ పిల్లలకి కళ్లు మూసుకుని 20కి 20 వేసుకుంటున్నాయని. అందులో నిజం ఉంది. కానీ ఆ మార్కులు దేనికోసం వచ్చాయో ఎవరూ మాట్లాడటం లేదు.

2009 విద్యాహక్కు చట్టం పిల్లల్ని నిరంతరం గమనించి అంచనా వెయ్యాలంది, అక్కణ్నుంచి నేరుగా 2011కి వద్దాం. ఉమ్మడి రాష్ట్రం ఆ ఏడాది రాష్ట్ర విద్యా ప్రణాళిక పరిధి పత్రం తెచ్చింది. బట్టీ వద్దు, పిల్లలు సొంత మాటల్లో రాయాలి, టీచరు ఒక్క పరీక్ష పేపరుతో సరిపెట్టకుండా ఏడాది పొడుగునా పిల్లల్ని గమనిస్తూ ఉండాలి అన్నది దాని సారం. సీసీఈ (నిరంతర సమగ్ర మూల్యాంకనం) అంటే అదే. క్లాసులో పిల్లవాడు ఎలా స్పందిస్తున్నాడు, నోటుబుక్కులో ఏం రాస్తున్నాడు, ప్రాజెక్టు ఎలా చేశాడు, స్లిప్ టెస్టు ఎలా రాశాడు, ఈ నాలుగూ చూడాలి. మాట్లాడటానికి భయపడే పిల్ల బాగా రాయొచ్చు, రాత రానివాడు చేతుల్తో చేసి చూపించొచ్చు. మన బడి ఆ తేడాని మొదటిసారి లెక్కలోకి తీసుకుంది.

నన్నడిగితే అంతా తిరగబడింది 2014-15లో. తెలంగాణలో ఆ ఏడాది సీసీఈని పదో తరగతి పబ్లిక్ పరీక్షలో కలిపారు, ఆ గమనింపు కాస్తా నాలుగింటికీ ఐదేసి చొప్పున సబ్జెక్టుకి 20 మార్కులైంది. అప్పట్లో బాసర ట్రిపుల్ ఐటీ సీటు పదో తరగతి జీపీఏని (గ్రేడుల సగటుని) బట్టే వచ్చేది కదా. అలాంటి చోట ఏ టీచరైనా, ఏ బడైనా తమ పిల్లవాడికి 14 వేసి ఊరుకుంటారా? ప్రాజెక్టులు నెట్ సెంటర్లలో ప్రింటు తీసి స్పైరల్ బైండింగుతో రావడం మొదలైంది, మేం టీచర్లం రాత్రిళ్లు కూర్చుని రికార్డులు నింపాం.

నేను సోషల్ చెప్పే రోజుల్లో నీటి వనరుల మీద ప్రాజెక్టు ఇస్తే, మేకలు కాసే ఇంటి కుర్రాడొకడు ఊరి చెరువు గట్టు మీద కర్ర పాతి, వారం వారం నీళ్లు ఎంత దిగాయో గీతలు పెట్టి, మేకలకి నీళ్లు ఏ నెల దాకా వస్తాయో లెక్క కట్టి తెచ్చాడు. ఒకే ఒక్క కాగితం, రెండు వైపులా పెన్సిల్ రాత, వాక్యానికో తప్పు. ప్రింటు తెచ్చిన వాళ్లందరికీ 5కి 5 వేశాను, వాడికి 3 వేశాను. వాడు ఆ కర్రని ఎలా పాతాడో రాయడానికి నా రిజిస్టర్లో గడి లేదు.