వాషింగ్ మిషన్ జరిపితే ట్రాప్‌లో నీళ్లు ఎటు పోతాయి?

ఈశాన్యంలో బరువు ఉండొద్దని వాషింగ్ మిషన్‌ను వెనక వరండాలోకి జరుపుతారు. 12 అడుగుల కొత్త పైపు వేసి పాత లైన్‌లో కలుపుతారు. మొదటి ఉతుకుడుకే గుడగుడ చప్పుడు, సాయంత్రానికి సెప్టిక్ ట్యాంకు కంపు. ఆ కంపుకు దిక్కులతో సంబంధం లేదు, గాలితో ఉంది.

నీళ్లు దిగే పైపు కింద U లా వంగే భాగమే ట్రాప్. ఆ వంపులో నిలిచే 2 ఇంచుల నీళ్లే ట్యాంకు గాలికి అడ్డు. వాతావరణ పీడనం దాదాపు 10 మీటర్ల నీటిని నిలబెడుతుంది. మన అడ్డు 5 సెంటీమీటర్లు. అంటే పైపు లోపల పీడనం 200 వంతుల్లో ఒక్క వంతు తగ్గినా అది తెగిపోతుంది.

డ్రమ్ములోంచి ట్రాక్టర్‌కు పైపుతో డీజిల్ తీసేవాళ్లకు ఈ సంగతి చేతికి తెలుసు. పైపు నిండుగా ఉండి, కింది కొస డ్రమ్ములోని మట్టానికి దిగువన ఉన్నంతసేపు ధార ఆగదు. పై వంపు దగ్గర బెజ్జం పడితే గాలి దూరి ధార తెగుతుంది. గాలి కోసం డ్రెయిన్ లైన్ నుంచి పైకి లేపే వెంట్ పైపంటే మనం కావాలని పెట్టే ఆ బెజ్జమే. మిషన్ పంపు నీళ్లను ఒక్కసారిగా నెడుతుంది. పైపు నిండుగా పారుతూ వెనక గాలిని గుంజుతుంది. గాలి దొరక్కపోతే ట్రాప్‌లోని నీళ్లనే గుంజుకుపోతుంది. గుడగుడ అంటే వంపు కింది అంచు దాటి గాలి దూరుతున్న చప్పుడు. నల్గొండ బత్తాయి తోటల్లో డ్రిప్ లైన్ ఎత్తు మీద పెట్టే ఎయిర్ వాల్వ్ పనీ ఇదే. మోటరు ఆగగానే నీళ్లు దిగువకు జారతాయి, వాల్వ్ గాలి ఇవ్వకపోతే డ్రిప్పర్లు బురదను పీల్చుకుంటాయి. బడిలో పీడనం పాఠాన్ని పాదరసం గొట్టం బొమ్మతో ముగించకుండా పిల్లల్ని ఆ వాల్వ్ దగ్గరికి తీసుకెళ్లాలి.

బెజ్జం ఎక్కడ పెట్టాలన్నదే అసలు లెక్క. అడుగుకు పావు ఇంచు వాటం ఇస్తే 2 ఇంచుల పైపు 8 అడుగుల్లో తన వ్యాసమంత దిగుతుంది. అది దాటితే వెంట్ నోరు ట్రాప్ పొర్లే మట్టానికి దిగువన పడి, అక్కడిదాకా పైపు డీజిల్ పైపే అవుతుంది. వాటం పెంచితే మేలనుకుంటారు గానీ, అర ఇంచు ఇస్తే ఆ 8 అడుగులు 4కి పడిపోతాయి. పావు ఇంచు వాటంతో, ట్రాప్ నుంచి 5 అడుగుల లోపల పెట్టడం క్షేమం. 4 ఇంచుల కన్నా దగ్గరైతే నురగ, బట్టల నూగు చేరి మూసేస్తాయి.

వెంట్ కలిసే టీ జాయింటు నోరు పైకే ఉండాలి. వెంట్‌కు ఒకటిన్నర ఇంచు పైపు చాలు. దాన్ని అడ్డంగా తిప్పాలంటే, మిషన్ హోస్ దిగే నిలువు పైపు నోటికన్నా 6 ఇంచులు పైకి ఎక్కాకే తిప్పాలి. ఎండాకాలం డాబా మీద పడుకునే ఇళ్లలో వెంట్‌ను డాబా పైన 7 అడుగుల దాకా లేపి, దాని కొసన పెట్టే కౌల్ మూతకు దోమల జాలి కట్టాలి. హోస్ కొస నేల నుంచి 2 నుంచి 3 అడుగుల ఎత్తులో ఉండాలి. చుట్టూ టేపు వేసి బిగించొద్దు. బిగిస్తే మిషన్‌లోకి వస్తున్న నీళ్లే వచ్చినట్టు జారిపోవచ్చు, అది నిండదు.

పని అయ్యాక ట్రాప్ నిండేలా నీళ్లు పోసి, నిలువు పైపులోకి టార్చి వేసి చీపురు పుల్ల అడుగు తాకేదాకా ముంచి, తడి ఎంతవరకుందో గుర్తు పెట్టుకోండి. ఒక ఉతుకుడు నడిపి మళ్లీ అలాగే ముంచండి. తడి మొదటంతే ఉంటే సరే. ఒక ఇంచు తగ్గిపోతే గాలి ఇంకా అందట్లేదు.

వెంట్ ఆపలేనిది ఎండ. మే నెలలో ఇంటికి తాళమేసి ఊరెళ్తే ట్రాప్ ఆవిరై ఎండుతుంది. వెళ్లేముందు ఒక మగ్గు నీళ్లు పోసి, పైన రెండు చెంచాల వంటనూనె వదలండి.