కోర్టు ఆర్డరుతో వేసే మందు దేన్ని బాగుచేస్తుంది?

అమెరికాలో ఒక నిందితుడిని విచారించాలంటే తన మీదున్న కేసేమిటో అతనికి అర్థం కావాలి, లాయరుతో సబబుగా మాట్లాడగలగాలి. 1960లో డస్కీ కేసులో అక్కడి సుప్రీంకోర్టు పెట్టిన కొలత ఇది. మానసిక జబ్బు వల్ల అది కుదరకపోతే విచారణ ఆపి చికిత్సకు పంపుతారు. అక్కడ అతను మందు వద్దంటే చిక్కు మొదలవుతుంది. లేని గొంతులు వినిపించే, లేనిపోని అనుమానాలు కలిగించే స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బులో, తనకు జబ్బుందని గుర్తించలేకపోవడం చాలామందికి జబ్బులోనే భాగం. దాన్ని మొండితనం అనుకోవడం అన్యాయం.

చార్లెస్ సెల్ అనే దంతవైద్యుడి కేసులో 2003లో సుప్రీంకోర్టు, ఇలా వద్దన్నవారికి బలవంతంగా మందు వేయడానికి షరతులు పెట్టింది. ఆ విచారణ జరగాల్సినంత ముఖ్యమైనదై ఉండాలి. మందు అతన్ని విచారణకు తగిన స్థితికి తెచ్చే అవకాశం గట్టిగా ఉండాలి, దాని సైడ్ ఎఫెక్ట్స్ అతని వాదనకు అడ్డు రాకూడదు. ఇంతకన్నా తక్కువ బలవంతంతో పని జరిగే దారి ఉండకూడదు. వైద్యపరంగానూ ఆ మందు అతనికి తగినదై ఉండాలి.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది రెండో షరతు. ఈ జబ్బుకు వాడే యాంటీసైకోటిక్ మందులు ప్రధానంగా మెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని అందుకునే గ్రాహకాలను అడ్డుకుంటాయి. కొన్ని వారాల్లో చాలామందికి చెవిలో వినిపించే గొంతులు, అనుమానాలు తగ్గుతాయి. అది నిజమైన ఊరట, తక్కువ చేసి చూడకూడదు. కానీ ఏకాగ్రత, జ్ఞాపకశక్తి, ముందువెనకలు ఆలోచించే శక్తి ఈ మందులతో పెద్దగా మెరుగుపడవు. సాక్షి చెప్పింది గుర్తుపెట్టుకుని లాయరు చెవిలో ఒక మాట వేయాలంటే కావలసినవి అవే.

పైగా స్కిజోఫ్రీనియా ఉన్నవారిలో సుమారు మూడో వంతు మందికి మామూలు మందులు సరిగా పనిచేయవు. వాళ్లకు ఎక్కువ ఆశ ఉన్నది క్లోజపిన్ అనే మరో యాంటీసైకోటిక్ మందుతో. అది సాధారణంగా మాత్రగా మింగాల్సిన మందు, రక్తపరీక్షలు చేస్తూ ఉండాలి. వద్దనే మనిషితో అదెలా సాధ్యం? అందుకే బలవంతపు చికిత్స అంటే ఎక్కువగా హాలోపెరిడాల్ లాంటి ఇంజెక్షన్ల వైపే మొగ్గుతుంది. దానితో కొందరికి ఒకచోట కూర్చోలేనంత అలజడి పుడుతుంది, కొందరి ముఖంలో కదలిక పోతుంది. జ్యూరీకి మొదటిది తప్పు చేసినవాడి టెన్షన్‌లా, రెండోది పశ్చాత్తాపం లేని రాతిముఖంలా కనిపించవచ్చు. నెవాడాలో ఒక హత్య కేసులో రిగ్గిన్స్ అనే నిందితుడికి అతను వద్దన్నా రోజుకు 800 మిల్లీగ్రాముల థయోరిడజిన్ అనే యాంటీసైకోటిక్ మందు ఇస్తూ విచారించారు. 1992లో సుప్రీంకోర్టు ఆ శిక్షను కొట్టేసింది.

ఇప్పుడు కొన్ని అప్పీలు కోర్టులు, ఆర్డరులో మందు పేరు, గరిష్ఠ మోతాదు రాయాలని పట్టుబడుతున్నాయి. అది సరైన పట్టుదల. ఎన్ని వారాలకు గుణం కనిపించకపోతే ఆపాలో కూడా అందులోనే రాయాలని, ఆ నిర్ణయానికి రోగి ఆలోచనాశక్తిని నేరుగా పరీక్షించాలని నేను కోరుకుంటాను. గొంతులు తగ్గాయన్న రిపోర్టు ఒక్కటే దానికి చాలదు.