జైలుకూ ఎర్రగడ్డకూ నడుమ: మనసు బాగలేని ఖైదీల వైద్యం ఎక్కడ మొదలై ఎక్కడి దాకా వచ్చింది

వరంగల్ సెంట్రల్ జైలు నిజాం కాలంల 1886ల కట్టింది, 2021 జూన్‌ల దాన్ని కూలగొట్టి ఆ జాగల 24 అంతస్తుల సూపర్ స్పెషాలిటీ దవాఖానకు శంకుస్థాపన చేసిన్రు. దవాఖాన వద్దని నేను అనను, మనకు కావాల్సిందే. కానీ అండ్ల ఉన్న ఖైదీలను చర్లపల్లికి, చంచల్‌గూడకు, ఖమ్మంకు, ఇంకా వేరే జైళ్లకు పంపినప్పుడు వాళ్లల్ల మనసు జబ్బుకు మందులు వాడేటోళ్ల వైద్యం ఎట్ల నడుస్తదని మాట్లాడినోళ్లు చాలా తక్కువ. ఈ సంగతి ఎందుకు పెద్దదో తెల్వాలంటే కొంచెం ఎనుకకు పోవాలె.

మనం ఎర్రగడ్డ అని పిలుస్తమే, ఆ మెంటల్ హాస్పిటల్ పుట్టింది హైదరాబాద్‌ల కాదు, ఇప్పటి మహారాష్ట్రల ఉన్న జాల్నాల. 1895ల, అప్పుడు జాల్నా నిజాం రాజ్యంల ఉండె, అక్కడి జైలును ఆనుకొనే మొదలైంది. 1953ల ఎర్రగడ్డకు మార్చిన్రు. అంటే మన దిక్కు మనసు వైద్యం జైలు గోడల పక్కనే పుట్టింది, రోగినీ ఖైదీనీ ఒక్క తీరుగనే తాళం ఏసి ఉంచిన కాలం అది.

చట్టం సంగతి చూస్తే, మతి సరిగ లేనప్పుడు చేసిన పని నేరం కాదని ఐపీసీ 84 సెక్షన్ 1860 నుంచే చెప్తుంది, ఇప్పుడది భారతీయ న్యాయ సంహితల 22వ సెక్షన్. అయితే కోర్టు అడిగే ప్రశ్న ఒకటి కాదు. నేరం జరిగిన టైంకు ముద్దాయి మతి ఎట్లుండె, ఇప్పుడు తన మీద నడిచే కేసు తనకు సమజ్ అయితుందా, ఈ రెండిటితోటి సంబంధం లేకుండ ఈరోజు వానికి వైద్యం కావాల్నా, మూడూ వేరే వేరే. రెండో దానికి "కాదు" అని జవాబొస్తే విచారణ ఆగుతది, అసలు చిక్కు అక్కడనే. ఆగిన కేసు మళ్లీ ఎవరు కదిలియ్యాలె? అస్సాంల మచాల్ లాలుంగ్ అనే ఆయనను 1951ల పట్టుకపోయిన్రు, విచారణ లేకుండనే 54 ఏండ్లు లోపల ఉండి 2005ల ఒక్క రూపాయి బాండు మీద బయటికొచ్చిండు. హజారీబాగ్ జైల్ల మతి బాగలేదని పెట్టి, బాగైనంక గూడ దశాబ్దాలు విడువని మనుషుల గురించి సుప్రీంకోర్టు 1982ల వీణా సేథీ కేసుల చెప్పింది. 1993ల షీలా బార్సే కేసుల ఇంకో మాట చెప్పింది, ఏ నేరం చెయ్యని మనసు రోగిని జైల్ల పెట్టుడు రాజ్యాంగానికే విరుద్ధమని. అంటే అప్పటిదాంక పెడుతనే ఉన్నరన్నట్టు!

ఇగ 2017 మానసిక ఆరోగ్య చట్టం, 2018 మే నుంచి అమల్ల ఉంది. దీని 103వ సెక్షన్ ప్రకారం ప్రతి రాష్ట్రంల కనీసం ఒక్క జైలు మెడికల్ వింగ్‌ల మనసు వైద్య కేంద్రం ఉండాలె. అదే సెక్షన్‌ల, జైలు డాక్టరు మూడు నెలలకోసారి "మా జైల్ల మనసు జబ్బు ఉన్న ఖైదీలు లేరు" అని ఈ చట్టం కింద పెట్టే మానసిక ఆరోగ్య సమీక్ష బోర్డుకు రాసియ్యాలని గూడ ఉంది. నాకు ఇది బాధనిపిస్తది, ఎందుకంటే లేరని రాసుడు అలవాటైనకాడ ఉన్నోళ్లను ఎతికి పట్టుకునేది ఎవరు?

మన జిల్లాలల్ల జైలు డాక్టర్లకు ముందుగాల ఎదురయ్యేది కల్లు. క్లోరల్ హైడ్రేట్, డైజోఫామ్, అల్ప్రాజోలం కలిపిన కల్తీ కల్లు రోజూ తాగేటోడు రిమాండ్‌కు వస్తే, ఆ కల్లు ఒక్కసారే బందైతది కాబట్టి రెండు మూడు రోజులల్ల చేతులు వణుకుడు, నిద్ర లేకపోవుడు, ఫిట్స్, ఎవరో పిలుస్తున్నట్టు వినబడుడు మొదలైతది. తెల్వనోళ్లు యాక్టింగ్ అంటరు, లేకపోతే పిచ్చి లేసిందంటరు, టైంకు మందులు పడకపోతే ప్రాణం పోవచ్చు. 2015 సెప్టెంబర్‌ల కల్తీ కల్లు మీద దాడులు చేసినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ దిక్కు దవాఖానలు ఇట్లాంటోళ్లతోటే నిండినయ్. బయట ఊరంతా చూసింది కాబట్టి వార్త అయింది, బ్యారక్‌ల ఒక్కనికి అయితే ఎవరికీ తెల్వది.

లోపల వైద్యం బయట లెక్క ఉండదు. దవాఖానకు తీస్కపోవాలంటే ఎస్కార్ట్ పోలీసులు కావాలె, బందోబస్తు డ్యూటీ పడితే వాళ్లు దొరకరు, ఓపీ తారీఖు పోతది, ఆ మందులు ఆగుతయ్. నిద్ర గోళీలు దాచుకునేటోళ్లు, వేరేటోనికి ఇచ్చేటోళ్లు ఉంటరు కాబట్టి ఎదురుంగనే మింగించాలె. అన్నిటికంటే కష్టమేందంటే వైద్యం చేసే డాక్టరే ఒక్కోసారి కోర్టుకు రిపోర్టు రాయాల్సి వస్తది, ఖైదీ మనసు విప్పి చెప్పిన మాట రేపు కాయితం మీదికెక్కుతదేమో అన్న భయంతోటి నోరు తెరువడు. అందుకే ఆ రెండు పనులు ఇద్దరు డాక్టర్లు చెయ్యాలని నేనంట, డాక్టర్లే తక్కువున్న జిల్లాలల్ల గూడ.

దూరం సంగతి ఇక్కడనే అడ్డమొస్తది. మనసు జబ్బు రక్తం పరీక్షల దొరకదు, ఎప్పటినుంచి నిద్ర పోతలేడు, ఇంతకుముందు ఎక్కడ చూపిచ్చిన్రు, ఏ గోళీలు పడినయ్ అన్నది ఇంటోళ్లు చెప్తేనే తెలుస్తది. వరంగల్‌ల జైలు ఉన్నప్పుడు నర్సంపేట నుంచో పరకాల నుంచో తల్లి పొద్దుగాల బస్సెక్కి ములాఖత్‌కు వచ్చి మధ్యాహ్నానికి ఇల్లు చేరేది, పాత మందుల చీటీ తెచ్చియ్యగలిగేది. ఇప్పుడు చర్లపల్లి పోవాలంటే కూలి పోతది, చార్జీలు వేరే, అందుకే రాకడ తగ్గుతది, జమానత్ పట్టేటోళ్లు గూడ దూరమైతరు. 2022 లెక్కల ప్రకారం దేశంల జైళ్లల్ల ఉన్నోళ్లల్ల 75 శాతానికి పైగా ఇంకా శిక్ష పడని విచారణ ఖైదీలే, అంటే ఈ తిప్పలు పడేటోళ్లల్ల శానా మంది నేరం రుజువు కానోళ్లు.

కాకతీయ మెడికల్ కాలేజీ, ఎంజీఎం సర్కారు దవాఖాన రెండూ వరంగల్‌లనే ఉన్నయ్, సైకియాట్రీ విభాగం ఉంది. వరంగల్‌కు మళ్లీ జైలు కట్టేటప్పుడు ప్లాన్‌లనే మనసు వైద్యానికి వార్డు పెట్టాలె, ఎంజీఎం డాక్టర్లు వారం వారం వచ్చేటట్టు రాసుకోవాలె, బెయిల్ మీద పోయేటోని చేతిల నెల మందులూ చీటీ పెట్టి, వాళ్ల జిల్లా దవాఖానకు ఆ రోజే ఖబర్ చెయ్యాలె.